చిన్నగా వస్తే దరఖాస్తు, పెద్దగా వస్తే ఎర్ర తివాచీ

అభివృద్ధి చెందుతున్న దేశంలో వ్యాపారం పెట్టాలంటే ఎంత ఖర్చవుతుందని చాలామంది అడుగుతుంటారు. ప్రశ్నలోనే తిరకాసు ఉంది. ఆ ఖర్చు దేశాన్ని బట్టి ఉండదు, పెట్టే వ్యాపారాన్ని బట్టీ ఉండదు. అడిగే మనిషి సైజును బట్టి ఉంటుంది. కాబట్టి విమానం టిక్కెట్టు కొనేముందే మీరు ఏ సైజో తేల్చుకోండి. రెండు కుట్టుమిషన్లు కొనే డబ్బుంటే మీరు దరఖాస్తుదారు. రెండు వేల ఎకరాలు అడిగే ధైర్యముంటే ఇన్వెస్టరు. ఆయన దగ్గర డబ్బుందా లేదా అన్నది తర్వాతి సంగతి, దానికి బ్యాంకులున్నాయి.

ముందు దరఖాస్తుదారు సంగతి చూద్దాం, అది ఒక పూటలో తేలే వ్యవహారం కాదు గనక. 1983లో పెరూ రాజధాని లీమాలో హెర్నాండో డి సోటో అనే ఆర్థికవేత్త బృందానికి ఒక విడ్డూరమైన ఆలోచన వచ్చింది. నగరం శివార్లలో బట్టలు కుట్టే చిన్న కార్ఖానా ఒకటి పెట్టి, దాన్ని పూర్తిగా చట్టప్రకారం రిజిస్టరు చేయిద్దామనుకున్నారు. నియమం ఒక్కటే: పని బొత్తిగా ఆగిపోతే తప్ప ఎవరి చెయ్యీ తడపకూడదు. ఫారాలు నింపారు, క్యూల్లో నిలబడ్డారు, ఈ ఆఫీసు కాగితం కోసం ఆ ఆఫీసుకు, ఆ ఆఫీసు ముద్ర కోసం మరో ఆఫీసుకు కాళ్ళరిగేలా తిరిగారు. మొత్తం 289 రోజులు పట్టింది. దారిలో పదిసార్లు లంచం అడిగారు. రెండుసార్లు ఇవ్వక తప్పలేదు. ఈలోగా పోయిన సంపాదనతో కలిపి లెక్కేస్తే ఖర్చు 1,231 డాలర్లు, అంటే అక్కడి కనీస నెలజీతానికి 30 రెట్ల పైమాటే.

దీన్ని అవినీతికి ఉదాహరణగా చెప్పుకునే అలవాటు లోకంలో ఉంది. అది అన్యాయం. నాకైతే ఇది ఉచిత వృత్తి శిక్షణలా కనిపిస్తుంది. 289 రోజులు ఆఫీసుల చుట్టూ ఓపిగ్గా తిరిగినవాడికి సూదిలో దారం ఎక్కించడం ఒక లెక్కా? పైగా ఉపాధి కల్పన చూడండి. ఒక్క చొక్కా కుట్టకముందే ఎన్ని బల్లల ముందు ఎంతమంది గుమాస్తాలకు చేతినిండా పని దొరికింది! ఈ శిక్షణ వద్దనుకున్నవాళ్ళు కాగితాల జోలికి పోకుండా సందులో మిషను వేసుకుని కూర్చుంటారు. వాళ్ళకు బ్యాంకు అప్పివ్వదు, మోసపోతే కోర్టుకెళ్ళడానికి చేతిలో కాగితం ఉండదు. ప్రభుత్వం మాత్రం వాళ్ళను మర్చిపోదు. అసంఘటిత రంగం ఎందుకు ఇంతలా పెరుగుతోందో తెలుసుకోవడానికి ఏటా సదస్సులు పెడుతుంది.

చిన్న దరఖాస్తుదారు విదేశీయుడైతే ఇంత తిరగాల్సిన అవసరం కూడా లేదు, గుమ్మంలోనే తేలిపోతుంది. ఘనా 2013లో చేసిన చట్టంలో పూర్తిగా విదేశీ యాజమాన్యంలోని కంపెనీకి కనీస పెట్టుబడి 5 లక్షల డాలర్లని రాసుకుంది. స్థానిక భాగస్వామి ఉంటే 2 లక్షలు. సరుకు కొని అమ్మే వ్యాపారమైతే 10 లక్షలు, పైగా కనీసం 20 మంది నైపుణ్యమున్న స్థానికులకు ఉద్యోగాలివ్వాలి. స్థానిక చిల్లర వర్తకుల కడుపు కొట్టకుండా ఉండటానికే ఈ గీత అంటారు. ఉద్దేశం మంచిదే. కాకపోతే గీత కింద నుంచి దూరి వచ్చేవాళ్ళు గీతను చదివి రారు. కొద్దిపాటి డబ్బూ ఒక మంచి ఆలోచనా పట్టుకుని పద్ధతిగా వచ్చినవాడే ఆ గీత దగ్గర ఆగిపోతాడు.

ఈ కష్టాలన్నీ కొలిచి ర్యాంకులివ్వడానికి ప్రపంచ బ్యాంకు 2003 నుంచి ఒక నివేదిక వేసేది. కంపెనీ పెట్టడానికి ఎన్ని అంచెలు, ఎన్ని రోజులు, ఎంత ఫీజు అని అందులో లెక్కలుండేవి. ప్రశ్నలు ముందే తెలిసిన పరీక్షకు ఎవరైనా ఎలా చదువుతారో దేశాలూ అలాగే చదివాయి. చివరికి 2018, 2020 నివేదికల్లో చైనా, సౌదీ అరేబియా, యూఏఈ, అజర్‌బైజాన్‌ల అంకెల్లో అవకతవకలు జరిగాయని తేలింది. 2021 సెప్టెంబరులో నివేదికనే ఆపేశారు. వ్యాపారం ఎంత సులువో కొలిచే దుకాణమే అలా మూతపడింది. 2024లో బీ-రెడీ అని కొత్త బోర్డు పెట్టి మళ్ళీ తెరిచారు. మధ్యలో మూడేళ్ళు పట్టింది. లీమాలో 289 రోజులే.

ఇక ఇన్వెస్టరు గారి విషయం. పండక్కొచ్చిన కొత్త అల్లుడికి జరిగే మర్యాదలన్నీ ఈయనకు జరుగుతాయి, కాకపోతే ఈ అల్లుణ్ణి పక్కింటివాళ్ళు కూడా అదే పండక్కి పిలుస్తుంటారు. ఒక దేశం ఐదేళ్ళు ఆదాయపు పన్ను వద్దంటే, సరిహద్దు అవతలి దేశం పదేళ్ళు వద్దంటుంది. ఇద్దరి ఉత్తరాలూ ఒకే కన్సల్టెంటు చేతిలో ఉంటాయి. చవకగా భూమి, యంత్రాల దిగుమతికి సుంకం లేదు, కరెంటుకు రాయితీ, గేటు దాకా రోడ్డు. ఆ రోడ్డు గేటు దగ్గరే ఆగిపోతుందనుకోండి, అవతల ఊరే కదా ఉన్నది.

ఇంత చేస్తేనే వచ్చారా అని ప్రపంచ బ్యాంకు వాళ్ళు కొన్ని ఆఫ్రికా దేశాల్లో ఇన్వెస్టర్లనే అడిగారు. రువాండా, టాంజానియా, ఉగాండాల్లో నూటికి తొంభై మందికి పైగా, రాయితీలు లేకపోయినా వచ్చేవాళ్ళమే అన్నారు. ఇంత నిజాయితీగా ఒప్పుకున్నందుకు ఇంకో ఐదేళ్ళు పొడిగించడం కనీస ధర్మం.

ఇలా కొన్నేళ్ళ పాటు పన్ను మాఫీ చేసే ట్యాక్స్ హాలిడే అనేదాన్ని కనిపెట్టిన వాడెవడో గాని, చేతులెత్తి మొక్కాలి. పన్ను లాభం మీద. కొత్త ఫ్యాక్టరీకి మొదటి కొన్నేళ్ళు లాభం రాదు, అప్పులూ వడ్డీలే. అంటే నిజంగా సాయం కావలసినవాడికి మాఫీ చేయడానికి పన్నే ఉండదు. మొదటి రోజు నుంచే లాభాలు గుంజేవాడికి మాత్రం పూర్తిగా మాఫీ. గడువు తీరాక ఏమవుతుందంటారా? అవే యంత్రాలు, అదే షెడ్డు, అదే వాచ్‌మన్. పాత కంపెనీ మూతపడి, అదే చిరునామాలో ఇంకో పేరుతో కొత్త పెట్టుబడి దేశంలోకి ప్రవేశిస్తుంది. పాత పేరు మీద ఒక పూత తెల్లరంగు వేసి, అది ఆరాక కొత్త పేరు రాస్తారు. ఈ పథకంలో కచ్చితంగా లాభపడే స్థానికుడు ఎవరైనా ఉన్నాడంటే ఆ బోర్డు రాసే పెయింటరే.

జాంబియా ఇంకా ఉదారంగా వ్యవహరించింది. 2000 ప్రాంతంలో రాగి గనులను ప్రైవేటుకు అమ్మినప్పుడు రాయల్టీ 0.6 శాతానికి ఒప్పుకుంది. వంద డాలర్ల రాగి తవ్వుకుపోతే ప్రభుత్వానికి 60 సెంట్లు. పైగా 15, 20 ఏళ్ళ దాకా ఈ లెక్క మార్చబోమని రాసిచ్చింది. 2003 నుంచి 2006 లోపు రాగి ధర మూడు రెట్లు దాటింది. మాటంటే మాటే కదా, 60 సెంట్ల లెక్క కదల్లేదు. 2008లో ఆ ఒప్పందాలను రద్దు చేస్తే, ఇలా మాట తప్పితే పెట్టుబడులు ఎలా వస్తాయని గనుల కంపెనీలు బాధపడ్డాయి.

మాట తప్పితే ఏమవుతుందో పాకిస్తాన్‌ను అడగండి. బలూచిస్తాన్‌లోని రేకో డిక్‌లో రాగి, బంగారం గని కోసం ఒక విదేశీ కంపెనీ అడిగిన లీజును 2011లో తిరస్కరించారు. దేశాలకూ విదేశీ ఇన్వెస్టర్లకూ మధ్య తగాదాలు తీర్చడానికి వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు గొడుగు కిందనున్న ఇక్సిడ్ మధ్యవర్తిత్వ మండలి, 2019 జులైలో, ఆ కంపెనీకి వడ్డీతో కలిపి దాదాపు 580 కోట్ల డాలర్లు కట్టమని పాకిస్తాన్‌కు చెప్పింది. గనిలో తవ్వకం మొదలవలేదు, తట్టెడు ఖనిజం బయటికి రాలేదు. అదే నెలలో ఐఎంఎఫ్ ఆ దేశానికి మంజూరు చేసిన అప్పు 600 కోట్ల డాలర్లు. తర్వాత రాజీ కుదిరి, ఆ భాగస్వాముల్లో ఒకరే మళ్ళీ గని చేపట్టారు, అది వేరే సంగతి. ఇందులో మనం గమనించాల్సింది కార్యాలయ మర్యాద. దరఖాస్తుదారు ఫైలు తిరస్కరిస్తే, సోమవారం రమ్మని ఆయనకు చెబుతారు. ఇన్వెస్టరు ఫైలు తిరస్కరిస్తే, వాషింగ్టన్ రమ్మని ప్రభుత్వానికి చెబుతారు.

ఈ మధ్య మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. ఏడాదికి 75 కోట్ల యూరోలకు పైగా టర్నోవరున్న కంపెనీలు ఎక్కడ వ్యాపారం చేసినా కనీసం 15 శాతం పన్ను కట్టాలని 2021లో 130కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. పేద దేశం పన్ను మాఫీ చేస్తే, ఆ తేడాను కంపెనీ సొంత దేశం వసూలు చేసుకోవచ్చు. అంటే తన ఖజానాకు రావలసింది వదులుకుని సంపన్న దేశం ఖజానాకు పంపించే సౌకర్యం ఇప్పుడు పేద దేశానికి ఏర్పడింది. విదేశీ సాయం ఇలా ఎదురు తిరిగి ప్రవహిస్తుందని ఎవరూ ఊహించి ఉండరు. 2025 జూన్‌లో జీ-7 దేశాలు అమెరికా కంపెనీలను ఈ పద్ధతిలోంచి చాలావరకు తప్పించడానికి సరేనన్నాయి గనక, ఆ సాయం కూడా అందరికీ సమానంగా అందదు.

కన్సల్టెంట్ల దగ్గర దీనికీ మందుంది. పన్ను మాఫీ చేయొద్దు, నిక్షేపంగా వసూలు చేయండి, ఆ తర్వాత అంతే సొమ్ము ప్రోత్సాహకమని పేరు పెట్టి చెక్కు రాసివ్వండి అంటున్నారు. తిరిగి చెల్లించే రాయితీని ఈ 15 శాతం నిబంధనలు పన్ను తగ్గింపుగా కాక కంపెనీ ఆదాయంగానే చూస్తాయి గనక పెద్దగా ఇబ్బంది రాదట. ఆ వసూలు కాస్త ఆలస్యమైతే చెక్కుకు డబ్బు ఎక్కడిదంటారా? కొత్తగా దుకాణం పెట్టేవాళ్ళకు రిజిస్ట్రేషన్ ఫీజు పెంచి చాలా కాలమైంది.