ముందు ఇంజెక్షన్ ఇవ్వండి, ప్రశ్నలు తరువాత అడగండి

నాకు అడిసన్ వ్యాధి ఉంది. మూత్రపిండాల మీద టోపీల్లా అమరి ఉండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని, కార్టిసాల్ అనే హార్మోను తయారు కాకపోవడమే ఈ వ్యాధి. తొమ్మిదేళ్లుగా రోజూ ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. మామూలు రోజుల్లో నన్ను చూసి ఎవరూ రోగి అనుకోరు. చిక్కంతా జ్వరమో వాంతులో మొదలైన రోజునే వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారి శరీరం జబ్బు చేయగానే కార్టిసాల్‌ను తనంతట తానే పెంచుకుంటుంది. నా శరీరానికి ఆ శక్తి లేదు కనుక మాత్రల మోతాదును నేనే రెండింతలో మూడింతలో చేసుకోవాలి. వాంతుల వల్ల మాత్ర కడుపులో నిలవకపోతే ఇక ఇంజెక్షనే దిక్కు. అది ఆలస్యమైతే రక్తంలో సోడియం తగ్గి, పొటాషియం పెరిగి, బీపీ పడిపోయి, చివరకు స్పృహ తప్పి ప్రాణం పోవచ్చు. దీన్ని అడ్రినల్ క్రైసిస్ అంటారు.

దీనికి చేయవలసిన చికిత్స ఎంత సులువైనదో తెలిస్తే నా బాధ మీకు అర్థమవుతుంది. వెంటనే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ నరానికో కండకో ఇవ్వాలి, మొదటి గంటలో ఒక లీటరు సెలైన్ ఎక్కించాలి, ఆ తరువాత 24 గంటల్లో మరో 200 మిల్లీగ్రాముల మందు అందించాలి. హార్మోన్ల వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2016లో ప్రచురించిన మార్గదర్శకాలు పెద్దవారి విషయంలో చెప్పేది ఇదే. ఆ మందును ఎక్కడి నుంచో తెప్పించనక్కరలేదు. ఉబ్బసం తీవ్రమైనప్పుడు కూడా వాడే మందే కనుక అత్యవసర విభాగాల్లో సాధారణంగా చేతికందేంత దూరంలోనే ఉంటుంది.

అయినా కిందటి ఏడాది ఒక రాత్రి, నేను ఆ మందుకు పది అడుగుల దూరంలో మూడు గంటలకు పైగా పడుకుని ఉన్నాను.

సాయంత్రం నుంచి వాంతులు ఆగకపోవడంతో అక్క నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్లింది. చేరగానే వ్యాధి పేరు చెప్పాను, కావలసిన మందు పేరు, మోతాదు చెప్పాను, మా ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) రాసిచ్చిన ఉత్తరం చూపించాను. నర్సు బీపీ చూసి, కొంచెం తక్కువగా ఉన్నా ఫరవాలేదని, కూర్చోమని చెప్పింది. శరీరం చివరిదాకా ఎలాగో బీపీని నిలబెట్టుకుని, తరువాత ఒక్కసారిగా చేతులెత్తేస్తుందని ఆమెకు ఎవరూ నేర్పి ఉండరు. డ్యూటీ డాక్టర్ వచ్చి, ఇది ఆహారం పడక వచ్చిన వాంతుల్లా ఉందని, రక్తపరీక్షల ఫలితాలు వచ్చాక స్టెరాయిడ్ సంగతి ఆలోచిద్దామని అన్నారు. "డాక్టర్‌గారూ, ఫలితాల కోసం ఆగకూడదని ఈ ఉత్తరంలోనే ఉందండీ" అని అక్క అంటే, "మమ్మల్ని మా పని చేయనివ్వండమ్మా" అన్నారు. పొటాషియం పెరిగిందని ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను అక్క పేరు కూడా సరిగా పలకలేకపోతున్నాను. అప్పుడు ఇచ్చారు ఇంజెక్షన్. గంట తిరగకుండా నేను మళ్లీ మనిషినయ్యాను.

ఆ డాక్టర్ చెడ్డవారని నేను అనడం లేదు. రోజూ వందల మంది వాంతులతో వస్తారు, వారిలో అడిసన్ ఉన్నవారు ఏళ్ల తరబడి ఒక్కరూ తగలకపోవచ్చు. పైగా ఒక రోగి వచ్చి మందు పేరు, మోతాదు కూడా తానే చెబుతుంటే అనుమానం కలగడం సహజం. స్టెరాయిడ్ అనే మాటకు ఉన్న భయం మరొకటి. ఇతర జబ్బుల్లో వీలైనంత తక్కువగా వాడాలని నేర్పిన మందు అది. కానీ మాకు అది వైద్యం కోసం అదనంగా వేసే మందు కాదు, శరీరంలో ఉండవలసింది లేకపోతే ఆ లోటు పూడ్చడం. అవసరం లేని మనిషికి పొరపాటున ఒక్క మోతాదు ఇచ్చినా సాధారణంగా పెద్ద హాని జరగదు. అవసరమైన మనిషికి ఇవ్వకపోతే జరిగేది మరణం. ఈ రెండు పొరపాట్లనూ ఒకే తక్కెడలో ఎలా తూచగలరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అన్నిటికంటే నన్ను కలచివేసేది మరొకటి ఉంది. నేను నిదానంగా, పద్ధతిగా వివరిస్తే, ఇంత చక్కగా మాట్లాడుతున్న మనిషికి ప్రాణాపాయమేమిటని అనుకుంటారు. ఏడిస్తే ఆందోళన అంటారు. ఇక క్రైసిస్ ముదిరితే మతి తప్పి నోరే పెగలదు. నా తరఫున వాదించవలసిన గొంతును ఆ జబ్బే ముందు తీసుకుపోతుంది. ఆ రాత్రి అక్క లేకపోతే ఏమై ఉండేదో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలదు.

థామస్ అడిసన్ ఈ వ్యాధిని వివరించింది 1855లో. ఆ లోటు పూడ్చే కార్టిజోన్ అనే మందు వైద్యానికి అందడానికి ఆ తరువాత దాదాపు వందేళ్లు పట్టింది. అడ్రినల్ హార్మోన్లపై చేసిన కృషికి 1950లో ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. కార్టిజోన్ వచ్చేదాకా ఈ జబ్బు ఉన్నవారికి సరైన మందు లేదు. నేను మందు ఉన్న కాలంలో పుట్టాను, దాన్ని సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను, అయినా అత్యవసర విభాగం గడప తొక్కాలంటే గుండె దడదడలాడుతుంది. ఇంగ్లాండ్‌లో 2020లో, మాలాంటి రోగులు వెంట ఉంచుకునే స్టెరాయిడ్ ఎమర్జెన్సీ కార్డును అధికారికంగా తెచ్చారు. రోగి మాటకు ఒక ముద్ర ఉండాలన్నదే దాని ఉద్దేశమని నేను అనుకుంటాను. అలాంటి కార్డు ప్రతిచోటా రావాలి, దాన్ని చూసిన మొదటి మనిషికే, అంటే బీపీ చూసే నర్సుకే, మందు మొదలుపెట్టించే అధికారం ఉండాలి.

ఇది చదువుతున్నవారిలో అత్యవసర విభాగాల్లో పనిచేసేవారు ఉంటే, నా విన్నపం ఒక్కటే. మాలాంటివారు వచ్చినప్పుడు పరీక్షలు మానమని అడగడం లేదు. సూది గుచ్చినప్పుడే రక్తం తీసుకోండి, అదే సూదిలోంచి హైడ్రోకార్టిసోన్ ఎక్కించండి. ఫలితాలు వాటి సమయానికి అవి వస్తాయి, వచ్చాక ఎన్ని ప్రశ్నలైనా అడగండి, ఓపికగా జవాబు చెబుతాను.

ఆ రాత్రి తరువాత అక్క ఇంజెక్షన్ చేయడం నేర్చుకుంది. పొడి మందులో ద్రావకం కలిపి, సిరంజిలోకి తీసి, తొడ బయటివైపు మధ్యభాగంలో గుచ్చాలి. మొదటిసారి ఉప్పునీటితో సాధన చేసినప్పుడు ఆమె చేతులు వణికాయి. ఇప్పుడు రెండు నిమిషాల్లో చేయగలదు.