కాకి ముట్టింది

మన దగ్గర పిండం పెట్టాక కాకి ముట్టేదాకా చెట్ల వంక చూస్తూ నిలబడాలి. అమెరికా కవి, కథకుడు ఎడ్గార్ అలన్ పో గారికి ఆ టెన్షన్ లేదు. ఆయన పోయిన బాల్టిమోర్ ఊరివాళ్లు ఏకంగా ఒక ఫుట్‌బాల్ టీమునే కాకుల్ని చేశారు. పేరు రేవెన్స్, అంటే పెద్ద నల్లకాకులు. 1845లో ఆయన రాసిన 'ది రేవెన్' పద్యం నుంచి తీసుకున్నదే. మైదానంలో గంతులేయడానికి ఎడ్గార్, అలన్, పో అని మూడు కాకి వేషాలు కూడా కట్టించారు. ఆ పద్యానికి కవి చేతిలో పడ్డది తొమ్మిది డాలర్లని చెబుతారు. ఇవాళ ఆ డబ్బుతో స్టేడియం బయట కారు కూడా నిలపలేం.

సరే, కాకులతో వదిలేశారా? 2009లో, ఆయన పుట్టి 200 ఏళ్లయిందని మళ్లీ అంత్యక్రియలు చేశారు! పుట్టినరోజు కానుకగా పాడె అన్నమాట. 1849 అక్టోబరులో ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్లు పదిమంది కూడా లేరట, ఆ లోటు తీర్చాలి కదా. అచ్చం ఆయనలాగే ఉండే బొమ్మ శవాన్ని చేయించారు. కడసారి చూపుకి జనాన్ని రానిచ్చారు. గుర్రబ్బండి మీద ఊరేగించారు. టికెట్టు పెట్టి మరీ రెండు ఆటలు వేశారు. శవం మాత్రం రెండు ఆటల్లోనూ చక్కగా నటించిందనే అనుకుందాం. అసలు మనిషికి సమాధి మీద సరైన రాయి పడ్డానికే 26 ఏళ్లు పట్టింది. అందుకు బడిపిల్లలు పైసా పైసా పోగేయాల్సి వచ్చింది. తీరా నిలబెట్టాక చూస్తే పుట్టిన తేదీ తప్పు: జనవరి 19 బదులు 20.

పోయిన రెండో రోజే రూఫస్ గ్రిజ్వాల్డ్ అనే పెద్దమనిషి మారుపేరుతో పత్రికకెక్కి, ఈయన చచ్చాడని ఏడ్చేవాళ్లు పెద్దగా ఉండరని రాశాడు. తర్వాత ఆ పెద్దమనిషే ఈయన రచనలకు సంపాదకుడయ్యాడు, ఉత్తరాలు కూడా మార్చేసి అచ్చేశాడు. చచ్చినవాడు కోర్టుకెళ్లడుగా.

ఇంత ప్రేమ ఉన్నవాళ్లు 1846 చలికాలంలో ఎక్కడ చచ్చారయ్యా? న్యూయార్క్ దగ్గర ఫోర్డమ్‌లో, అద్దె ఇంట్లో, క్షయతో ఆయన భార్య వర్జీనియా గడ్డి పరుపు మీద వణుకుతూ పడుకుంది. వయసు 24. కప్పుకోవడానికి మొగుడి పాత కోటు. బొమ్మ శవానికి పెట్టిన ఖర్చులో ఒక్క దుప్పటి డబ్బులు, ఒక్క దుప్పటి డబ్బులు ఆ రోజు ఎవడైనా ఇచ్చాడా? వెచ్చగా ఉంటుందని ఇంట్లో పిల్లి ఎక్కి ఆమె గుండెల మీద పడుకునేది. జనవరి చివర్లో ఆమె పోయింది.

ఆ పిల్లి పేరు కాటెరీనా. దాని వేషం మాత్రం ఇంకా ఎవరూ కట్టలేదు.