పాత స్విచ్‌బోర్డు పక్షాన

ఇంట్లో పాత స్విచ్‌బోర్డును మార్చకూడదని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. ఇందుకు ఆర్థిక కారణాలున్నాయి, సాంస్కృతిక కారణాలున్నాయి, మా ఇంటి ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి కొన్ని ఆధ్యాత్మిక కారణాలు కూడా ఉన్నాయి. అనంతపురంలో ఈమధ్య ఏ వీధిలోకి వెళ్లినా గోడలకు గాడి కొడుతున్న చప్పుడే. ఏమిటని అడిగితే "బోర్డు మార్పిస్తున్నాం" అంటున్నారు. ఇది ఇలాగే సాగితే పాతూరులో ఒక్క టేకుచెక్క బోర్డు కూడా మిగలదు. ఎవరో ఒకరు నోరు విప్పక తప్పదు.

పోగొట్టుకోబోతున్నది ఏమిటో ముందు చూద్దాం. వరండా గోడకు ఒక చెక్కపెట్టె. దాని మీద నల్లటి బేకలైట్ స్విచ్చులు, పక్కన తెల్లటి పింగాణీ ఫ్యూజులు, పైన ఇనప డబ్బాలో మెయిన్. ఏ స్విచ్ దేనిదో ఎక్కడా రాసి ఉండదు. అది అత్తగారు కోడలికి నేర్పాల్సిన విద్య. రెండోది వేస్తే వంటింట్లో లైటు వెలుగుతుంది. నాలుగోది వేస్తే ఏదీ వెలగదు, కానీ ఆపితే బాత్‌రూములో చీకటి. అయిదోదాన్ని ఎవరూ ముట్టుకోరు. ఎందుకని అడిగితే తాతగారు వద్దన్నారంటారు. తాతగారికి ఎవరు చెప్పారో తెలియదు. కొత్త బోర్డులో ప్రతి స్విచ్ కింద బల్బు బొమ్మ, ఫ్యాను బొమ్మ ఉంటాయి. ముక్కూ మొహం తెలియని మనిషి కూడా వచ్చి మన ఇంట్లో ఫ్యాను వేసుకుని కూర్చోవచ్చు. ఇక గుట్టు ఏం మిగులుతుంది?

ఫ్యూజు మాట చెప్పాలి. పింగాణీ ముక్కలో కట్టడానికి సన్నటి తీగ ఒకటి ఉంటుంది. లోడు ఎక్కువైనప్పుడు ముందు అది కరిగిపోయి మిగతా వైరింగును కాపాడాలన్నది లెక్క. మాటిమాటికీ కరిగిపోయే వస్తువును నమ్ముకుని సంసారం ఎలా చేస్తాం? అందుకని మన పెద్దలు పాత వైరు ముక్క ఒలిచి, నాలుగు రాగి పోగులు మెలిపెట్టి బిగించారు. ఆ తరవాత ఫ్యూజు పోయిందన్న మాటే లేదు. ఇప్పుడు ఫ్యూజుకు బదులు గోడలో ఉన్న తీగ వేడెక్కుతోంది. అది గోడలో ఉంది కాబట్టి ఎవరికీ కనిపించదు, కనిపించనిదాని గురించి టెన్షన్ పెట్టుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. అప్పుడప్పుడూ వేపుడు మాడినట్టు వాసన వస్తే వంటింట్లోకి వెళ్లి చూస్తాం. అక్కడ పొయ్యి మీద ఏమీ ఉండదు. తృప్తిగా తిరిగి వచ్చేస్తాం.

ఇక ఫ్రిజ్. తలుపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే పిన్ను ఎర్తుది, అంటే దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపేది. దాన్ని దూర్చడానికి మా సాకెట్టులో రంధ్రం ఉంది, రంధ్రం వెనక తీగ లేదు. ఆ లోటు తీర్చడానికి ఫ్రిజ్ ముందు ఒక జత హవాయి చెప్పులు శాశ్వతంగా ఉంచాం. వంటింట్లో చెప్పులేమిటని మా అమ్మ మొదట గొడవపడింది. ఒకసారి ఫ్రిజ్ తలుపు ముట్టుకున్నాక ఆచారాన్ని కొద్దిగా సవరించింది. మడి కట్టుకున్న రోజు ప్లాస్టిక్ పీట మీద నిలబడి పాలు తీస్తుంది. పాలు తీసే ముందు "నారాయణా" అనడం కూడా అలవాటైంది. స్విచ్‌బోర్డు మార్పిస్తే ఇంట్లో ఈ భక్తి ఉంటుందా?

దీనికి ఆర్‌సీసీబీ అనే పరికరం పెట్టుకోమని ఎలక్ట్రీషియన్ అన్నాడు. కరెంటు దారి తప్పి, మనిషిలోంచో తడి గోడలోంచో 30 మిల్లీ ఆంపియర్లు భూమిలోకి పోతే చాలట, రెప్పపాటులో లైను కట్ చేస్తుందట. ధర రెండు వేలు దాటుతుంది. చెప్పుల జత రెండు వందలు. మరి ఫ్యూజుకు బదులు వాడే ఎంసీబీ స్విచ్చులు పెట్టినా చాలదా అంటే, "అది వైరును కాపాడతాది సామీ, మనిషిని కాదు" అన్నాడు. 16 ఆంపియర్ల ఎంసీబీ పదహారు దాటితే తప్ప కదలదు. మనిషి ప్రాణం పోవడానికి అందులో నూరో వంతు చాలు. నాకు ఇక్కడే న్యాయం కనిపించలేదు. డబ్బిచ్చేది మనిషి, కాపాడేది వైరునా? పైగా ఆర్‌సీసీబీకి ఒక టెస్ట్ బటన్ ఉంటుందట, కొన్ని నెలలకోసారి నొక్కి పని చేస్తోందో లేదో చూసుకోవాలట. డబ్బు పెట్టి కొన్నాక దాని యోగక్షేమాలు కూడా మనమే కనుక్కోవాలి!

ఖర్చు దగ్గరికి వద్దాం. "బోర్డు మారిస్తే ఎంతవుతుంది?" అని అడిగితే మా ఊళ్లో ఏ ఎలక్ట్రీషియనూ అంకె చెప్పడు. ఒక్క స్క్రూ ఊడదీసి, టార్చి వేసి లోపలికి చూసి, నాలుక చప్పరిస్తాడు. ఆ చప్పరింపుతోనే ఖర్చు మొదలైనట్టు లెక్క. మా ఇంట్లో చప్పరింపు కాస్త పొడుగ్గా సాగింది. "ఇదంతా అల్యూమినియం వైరు సామీ, యాడ ముట్టుకున్నా రాలిపోతాంది" అన్నాడు. నిజంగానే పై తొడుగు అప్పడంలా విరిగింది. అల్యూమినియం స్క్రూ కింద కాలక్రమేణా వదులవుతుందట, పైన తుప్పులాంటి పొర కడుతుందట, అక్కడ వేడి పుడుతుందట. దాని నెత్తిన కొత్త బోర్డు పెట్టడం దండగట. కాబట్టి బోర్డు మారాలంటే వైరు మారాలి. లైట్లకు ఒకటిన్నర చదరపు ఎంఎం, ప్లగ్గులకు రెండున్నర, ఏసీకి నాలుగు. అన్నీ రాగివే, అన్నీ తొంభై మీటర్ల చుట్టలే. వైరు మారాలంటే పైపు కావాలి, పైపు పోవాలంటే గోడ కొట్టాలి, కొట్టిన గోడకు సిమెంటు పూయాలి, పూసిన చోట రంగు వేయాలి. ఒక గోడకు కొత్త రంగు వేసి మిగతా మూడు వదిలేస్తే వచ్చేపోయేవాళ్లు ఏమనుకుంటారని మా ఆవిడ అడిగింది. ఆరు వేలతో బయల్దేరిన బోర్డు భోజనాల వేళకు ఎనభై వేల దగ్గర ఆగింది. ఇల్లు పీకి పందిరి వేయడమంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ వింటున్నాను, కొటేషన్ రూపంలో చూడటం అదే మొదలు.

ప్రభుత్వ విధానం కూడా నా వాదాన్నే బలపరుస్తోంది. ఏసీల మీద 28 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి తగ్గించారు. ఆ ఏసీని మోయాల్సిన తీగ మీద 18 అలాగే ఉంది. ఇంటి పైకప్పు మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల దాకా రాయితీ ఇస్తారు. పైకప్పు కింద ఉన్న బోర్డుకు నయాపైసా లేదు. కొనమన్నది ఏసీ, పెట్టుకోమన్నది సోలార్. మధ్యలో ఉన్న చెక్కపెట్టె ఊసు ఎవరూ ఎత్తలేదు. పెద్దవాళ్లు మాట్లాడని విషయంలో మనం చొరవ తీసుకోవడం మర్యాద కాదు.

కరెంటు విషయంలో మనకేమీ తక్కువ లేదని గుర్తుచేయాలి. రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. నంబులపూలకుంటలో సోలార్ పలకలు కనుచూపు మేర పరిచి ఉన్నాయి. 2022లో జిల్లా విడిపోయినప్పుడు రెండూ శ్రీసత్యసాయి జిల్లా వాటాకు వెళ్లాయి, అయినా గాలీ ఎండా మనవే అని చెప్పుకోవడం మానలేదు. అంత కరెంటు పుట్టించే సీమలో, మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె పెడితే మిక్సీ మూలుగుతుంది. కూర్చుని లెక్క వేశాను. ఒకటిన్నర టన్నుల ఏసీ దాదాపు 1,600 వాట్లు, గీజరు 2,000, ఇండక్షన్ పొయ్యి 2,000, ఇస్త్రీ పెట్టె 1,000, మిక్సీ 750, ఒక హార్స్‌పవర్ మోటారు 746. అన్నీ ఒక్కసారి వేస్తే ఎనిమిది కిలోవాట్ల పైన. 230 వోల్టుల దగ్గర 35 ఆంపియర్లు. కరెంటు ఆఫీసు కాగితాల్లో మా ఇంటి లోడు ఒక కిలోవాట్, అంటే నాలుగు ఆంపియర్ల చిల్లర. ఈ రెండు అంకెల మధ్య తేడాను మా కుటుంబం ఇన్నాళ్లూ ధైర్యసాహసాలతో భర్తీ చేస్తూ వచ్చింది. ఇప్పుడు అదనపు లోడుకు దరఖాస్తు పెట్టి, చార్జీలు, డిపాజిట్టు కట్టమంటున్నారు. వాడుతున్నామని మనంతట మనమే వెళ్లి చెప్పడం నిజాయతీ అవుతుందేమో కానీ, వీధిలో మిగతావాళ్లకు ఇబ్బంది.

ఎర్తింగ్ గొయ్యి గురించి ఎంత చెప్పినా తక్కువే. పెరట్లో లోతుగా గొయ్యి తీసి, జింకు పూత పూసిన ఇనప పైపు దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా నింపి, పైన గరాటు పెట్టాలి. అక్కడితో అయిపోదు. నేల తడిగా ఉంటేనే కరెంటు భూమిలోకి దిగుతుంది కాబట్టి వేసవిలో ఆ గరాటులో నీళ్లు పోస్తూ ఉండాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో వాన పడే జిల్లా ఇది. రెండడుగులు తవ్వితే గడ్డపార ఖణేల్‌మంటుంది. మే నెలలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే చోట, ఒక బిందె తీసుకెళ్లి ఇనప పైపులో పోయమంటున్నారు. తులసమ్మకు చెంబుడు పోస్తేనే లెక్క చూసుకునే ఇల్లు మాది. ఆ పైపు ఏ మొక్కకు తల్లివేరో చెప్పమని మా అమ్మ ఎలక్ట్రీషియన్‌ను నిలదీసింది. "ఫ్రిజ్జుకు, అమ్మా" అన్నాడు. ఆవిడ నోరు మూతపడటం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

డబ్బు లేక ఇదంతా అంటున్నామని అనుకోవద్దు. డబ్బుంది, దానికి పద్ధతి ఉంది. మా పక్కింటాయన మెయిన్ బోర్డు వాయవ్యంలో ఉంటే ఇంట్లో మాట నిలవదని, ఆగ్నేయానికి మార్చమని చెప్పిన వాస్తు పండితుడికి అయిదు వేలు తాంబూలంలో పెట్టి దణ్ణం పెట్టాడు. అంత దూరం వైరు లాగినందుకు ఎలక్ట్రీషియన్ ఒక పూట కూలి ఎక్కువడిగితే సాయంత్రం దాకా బేరమాడాడు. మాట నిలవకపోవడం అలా తగ్గింది. హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయించి, అందులో రంగురంగుల లైట్లు పెట్టి, వాటికి కరెంటు అదే పాత పెట్టెలోంచి ఇప్పించాడు. వైరుకు పెట్టిన డబ్బు గోడలోకి పోతుంది, చుట్టాలు చూడరు. లైట్లకు పెట్టిన డబ్బు గృహప్రవేశం ఫోటోల్లో పడుతుంది.

అందుకే మధ్యేమార్గంగా నేను సిఫారసు చేసేది ఒకటుంది. మన ఊళ్లో చాలామంది ఇప్పటికే పాటిస్తున్నారు కూడా. తీగ జోలికి పోకుండా, పాత చెక్క ఒక్కటే తీసేసి బంగారు అంచున్న మాడ్యులర్ ప్లేటు బిగించడం. స్విచ్ నొక్కితే చప్పుడు రాదు, యూఎస్‌బీ పాయింటు ఉంటుంది, చీకట్లో ఎర్రచుక్క వెలుగుతుంది. పైన పటారం, లోపల లొటారం అని గిట్టనివాళ్లు అంటారు. పటారం ధర మూడు వేలు, లొటారం బాగుచేయించే ధర ఎనభై వేలు. ఎటు మొగ్గాలో వేరే చెప్పాలా?

మా ఇంట్లో ప్రస్తుతానికి ప్లేటు మారింది, సెప్టెంబరు తగ్గింపులో ఏసీ కూడా వచ్చింది, వంటింటి గోడకు ఒక పట్టిక అంటించాం. ఉదయం ఆరు నుంచి ఏడు గీజరు. ఏడు నుంచి ఎనిమిది మిక్సీ, ఆ సమయంలో ఎవరూ స్నానానికి పోరాదు. మోటారు వేసినప్పుడు టీవీ ఆపాలి. రాత్రి పది తరవాత ఏసీ, అది నడుస్తున్నంతసేపూ ఫ్రిజ్‌కు విశ్రాంతి. ఉగాదికి వచ్చే బంధువులు ఇస్త్రీ చేసిన బట్టలతోనే రావాలని ఇప్పటికే ఫోన్లు చేసి చెప్పాం. అల్లుడుగారికి మాత్రం మినహాయింపు ఇచ్చాం. ఆయన ఇస్త్రీ చేసుకునే పది నిమిషాలూ మేమంతా ఇంటి బయట నిలబడతాం.