బాయిలర్ దాచిన తప్పును హీట్‌పంప్ దాచదు

హైదరాబాద్‌లో ఏసీ కొనడానికి షాపుకి వెళ్తే మొదట అడిగేది ‘గది ఎంత ఉంటుంది?’ అని. పది బై పన్నెండు అంటే ఒక టన్ను, ఇంకాస్త పెద్దదైతే టన్నున్నర. పైన డాబా ఉందా, పడమటి గోడకు ఎండ కొడుతుందా అని అడిగేవాళ్లు తక్కువ. లెక్క తప్పినా ఆ భారం కరెంటు బిల్లులో కలిసిపోతుంది. బ్రిటన్‌లో ఇళ్లను వెచ్చబెట్టే పని కూడా దశాబ్దాలుగా దాదాపు ఇలాగే నడిచింది. గ్యాస్‌తో నీళ్లు కాచి ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్లు తీసేసి, కరెంటుతో నడిచే హీట్‌పంప్‌లు పెట్టాలనుకుంటున్న ఈ సమయంలో ఆ అలవాటే అడ్డం తిరుగుతోంది.

2028 కల్లా ఏటా 6 లక్షల హీట్‌పంప్‌లు బిగించాలని 2020లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 2024లో అమ్ముడైనవి లక్షలోపే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2022లో 5,000 పౌండ్లతో మొదలైన సబ్సిడీని 2023 అక్టోబర్‌లో 7,500కు పెంచారు. చర్చంతా ఈ డబ్బు చుట్టూనే జరుగుతోంది. నాకు కనిపిస్తున్న అసలు కొరత వేరు. ఒక ఇంటికి ఎంత వేడి కావాలో లెక్కకట్టి, దానికి తగ్గట్టు పైపులూ, వేడినీళ్లు పారుతూ గదిని వెచ్చబెట్టే గోడ పలకలైన రేడియేటర్లూ డిజైన్ చేయగలిగిన మనుషులు చాలడం లేదు.

హీట్‌పంప్ అంటే తిరగేసిన ఏసీయే. చలిగాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి నీటిలోకి ఎక్కిస్తుంది, ఆ నీరు ఇల్లంతా తిరుగుతుంది. ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడి ఇస్తుందన్నదే దాని పనితనం. బ్రిటన్‌లో కరెంటు యూనిట్ ధర గ్యాస్ యూనిట్‌కు సుమారు నాలుగు రెట్లు. బాయిలర్ 90 శాతం సామర్థ్యంతో నడుస్తుందనుకుంటే, హీట్‌పంప్ 3.6 రెట్ల వేడి ఇచ్చినప్పుడే ఖర్చు సమానమవుతుంది. నాలుగు రెట్లు వస్తే ఆ కుటుంబానికి ఆదా. 2.8 దగ్గర ఆగిపోతే ప్రతి చలికాలం జేబుకు చిల్లు. ప్రభుత్వ నిధులతో 742 ఇళ్లలో చేసిన ప్రయోగంలో మధ్యస్థ ఫలితం మూడుకు కాస్త తక్కువగా వచ్చింది, ఇంటికీ ఇంటికీ చాలా తేడా కనిపించింది. పాతదైనా కొత్తదైనా హీట్‌పంప్‌కు పనికిరాని ఇంటి రకమంటూ లేదని కూడా అదే ప్రయోగం చెప్పింది. అంటే తప్పును ఇంటి మీదకు నెట్టేయడం కుదరదు. డిజైన్, బిగింపు, సెట్టింగుల వైపే చూడాలి.

మరి ఇన్నేళ్లూ ఈ లెక్క లేకుండా ఎలా గడిచింది? ఇంటి వెచ్చదనానికీ కుళాయి వేడినీళ్లకూ ఒక్కటే పనిచేసే మామూలు కాంబీ బాయిలర్ సామర్థ్యం 24 నుంచి 30 కిలోవాట్లు. అంత ఎందుకంటే, షవర్ తిప్పగానే వేడినీళ్లు రావాలి కాబట్టి. ఇల్లు వెచ్చగా ఉండడానికి గడ్డకట్టే చలిలో కూడా చాలా ఇళ్లకు ఆరేడు కిలోవాట్లు చాలు. పైగా నీరు 70, 80 డిగ్రీల వేడితో తిరుగుతుంది. రేడియేటర్ చిన్నదైనా, పైపు సన్నదైనా ఆ వేడి అన్నిటినీ కప్పేసింది. రెండు తరాల ప్లంబర్లు లెక్క వేయకుండానే మంచి పనివాళ్లనిపించుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఆ యంత్రం వాళ్లనెప్పుడూ లెక్క అడగలేదు.

హీట్‌పంప్ అడుగుతుంది. దాన్ని 45 డిగ్రీల దగ్గర నడిపితేనే పొదుపు. కానీ ఆ ఉష్ణోగ్రతలో, డబ్బా మీద 1,000 వాట్లని రాసి ఉన్న రేడియేటర్ ఇచ్చేది సుమారు 350 వాట్లే. బాయిలర్‌తో, వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ మధ్య తేడా 20 డిగ్రీలుంటే 8 కిలోవాట్ల వేడి మోయడానికి నిమిషానికి ఆరు లీటర్ల లోపు నీరు సరిపోతుంది. హీట్‌పంప్‌లో ఆ తేడా 5 డిగ్రీలే, కాబట్టి 23 లీటర్లు పారాలి. నేల చెక్కల కింద ఎప్పుడో వేసిన 10 మిల్లీమీటర్ల పైపులు అంత నీటిని మోయలేవు. ఇవేవీ చూడకుండా, ఎందుకైనా మంచిదని ఆరు కిలోవాట్ల ఇంటికి పన్నెండుది బిగిస్తే అది మాటిమాటికీ ఆగి మొదలవుతూ కరెంటు తాగుతుంది. ఇల్లు చల్లగా ఉందని ఫిర్యాదు వస్తే నీటి వేడిని 55కు పెంచేసి వెళ్తారు. ఇల్లు వెచ్చబడుతుంది, బిల్లు కూడా పెరుగుతుంది. ‘హీట్‌పంప్‌లు మన ఇళ్లకు పనికిరావు’ అనే మాట ఆ వీధిలో పాకిపోతుంది.

ఇంత నేర్పాల్సిన కోర్సులు, ఇప్పటికే అనుభవమున్న గ్యాస్ పనివాళ్లకైతే, ఎక్కువగా మూడు నుంచి ఐదు రోజులవి. ఇంగ్లండ్‌లో వాటికి 500 పౌండ్ల వరకు సాయం కూడా ఇచ్చారు. కొత్తగా చేరేవారికి మూడేళ్ల అప్రెంటిస్‌షిప్ ఉంది, అది మంచి దారి. కానీ వారం కోర్సులో నిబంధనలు, వేడినీళ్ల ట్యాంకు, కంట్రోళ్లు, గదిగదికీ హీట్ లాస్ (గోడలు, కిటికీల్లోంచి బయటికి పోయే వేడి) లెక్క అన్నీ ఇరికించాలి. సాఫ్ట్‌వేర్‌లో అంకెలు కొట్టడం రెండు రోజుల్లో వస్తుంది. ఈ గోడలో ఇన్సులేషన్ ఉందో లేదో, ఈ కిటికీ సందుల్లోంచి ఎంత గాలి దూరుతుందో అంచనా వేసే కన్ను రావాలంటే ఇళ్లలో తిరగాలి, తప్పు చేయాలి, ఆ తప్పు ఎవరో చూపించాలి.

అందుకే సర్టిఫికెట్‌ను పరీక్షతో పాటు చలికాలంతో కూడా ముడిపెట్టాలంటాను. నేర్చుకునే వ్యక్తి అనుభవజ్ఞుడి పక్కన నిలబడి కొన్ని ఇళ్లు డిజైన్ చేయాలి. ఒక శీతాకాలం గడిచాక ఆ ఇళ్ల మీటర్ రీడింగులతో తన లెక్కను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. జర్మనీలో సబ్సిడీ కావాలంటే ప్రతి రేడియేటర్‌కూ సరిపడా నీరు అందేలా వ్యవస్థను సర్దాల్సిందే. బ్రిటన్ ప్రమాణాల్లోనూ డిజైన్‌నూ బిగింపునూ విడదీశారు. డిజైన్ వేరే వృత్తి అని కాగితం మీద ఒప్పుకున్నప్పుడు, దానికి తగినంత శిక్షణా సమయం కూడా ఇవ్వాలి కదా.

మనవాళ్లకూ ఇందులో చోటుంది. బీటెక్ మెకానికల్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్ చదివి బ్రిటన్ వెళ్లిన తెలుగు పిల్లలకు ఈ లెక్కలు కొత్త కావు. పాత ఇళ్లలోకి వెళ్లి, టేపు పట్టి, నేల చెక్కలు ఎత్తి చూసే ఓపిక ఉంటే చాలు. ఇక లండన్ దగ్గరి స్లౌ ఊళ్లోనో రీడింగ్ ఊళ్లోనో ఇల్లు కొనుక్కుని ఆ సబ్సిడీతో హీట్‌పంప్ పెట్టించుకోవాలనుకుంటున్నవాళ్లు, కొటేషన్‌లో ధర చూసే ముందు ‘గదిగదికీ హీట్ లాస్ లెక్క ఏది? గడ్డకట్టే రోజున నీటిని ఎన్ని డిగ్రీల దగ్గర నడుపుతారు?’ అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు 45 దగ్గర ఉంటే కూర్చోబెట్టి మాట్లాడండి. ‘అది తర్వాత సెట్ చేద్దాం లెండి’ అంటే ఇంకొకరిని పిలవండి.