మేడెక్కి చూసేది రాకెట్ వరకేనా?

2015 సెప్టెంబర్ 28 ఉదయం 10 గంటలకు పీఎస్‌ఎల్‌వీ-సీ30 రాకెట్, తారలను గమనించే ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌ను మోసుకెళ్లింది. నెల్లూరు వాళ్లకు రాకెట్ కొత్తేమీ కాదు. మేడెక్కి, ఫోన్ పైకెత్తి, పొగచార కనిపించినంతసేపు చూసి దిగిపోతాం. 2022లో శ్రీహరికోట తిరుపతి జిల్లాకు పోయినా ‘మా రాకెట్’ అనడం మానలేదు. పైకెళ్లాక ఆ ఉపగ్రహం ఏం చేస్తోందని అడిగేవాళ్లే తక్కువ.

ఆస్ట్రోశాట్ పట్టుకున్నవాటిలో న్యూట్రాన్ తారల మీద జరిగే థర్మోన్యూక్లియర్ పేలుళ్లూ ఉన్నాయి. సూర్యుడి కంటే ఎక్కువ బరువున్న తార, అడ్డుకొలత చూస్తే నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి పోయేంత, అంటే ఇరవై కిలోమీటర్లకు అటూఇటూ! జంటగా తిరిగే తార నుంచి హైడ్రోజన్, హీలియం వచ్చి దానిమీద పేరుకుంటాయి. ఒత్తిడి, వేడి హద్దు దాటగానే ఆ పొర ఒక్కసారిగా మండుతుంది. ఎక్స్-రే వెలుగు సెకన్లలో ఎగబాకి, మెల్లగా తగ్గుతుంది. 1975లో నెదర్లాండ్స్ ఉపగ్రహం ఏఎన్‌ఎస్ డేటాలో ఇలాంటివి బయటపడ్డాయి. ఎక్స్-రేలను మన వాతావరణం ఆపేస్తుంది కాబట్టి పైనుంచి చూడక తప్పదు.

అయితే ఆ ఎక్స్-రే వెలుగును చూపే గ్రాఫులో గీత లేచినదల్లా పేలుడు కాదు. విద్యుదావేశ కణాలు పరికరాన్ని తాకినా గీత లేస్తుంది. అసలు ఆనవాలు చల్లారడం. పొర చల్లబడేకొద్దీ ఎక్కువ శక్తి ఉన్న ఎక్స్-రేలు ముందు తగ్గిపోతాయి, తక్కువ శక్తివి ఇంకాసేపు ఉంటాయి. అందుకే డేటాను శక్తిని బట్టి విడగొట్టి, పక్కపక్కన పెట్టి చూడాలి. ‘ర్యాపిడ్ బర్స్టర్’ అనే న్యూట్రాన్ తార ఇక్కడే తికమక పెడుతుంది. దాని పేలుళ్లలో చాలావాటికి ఇలా చల్లారే లక్షణం ఉండదు; అవి పదార్థం దఫదఫాలుగా పడటం వల్ల వచ్చేవి. ఇంకో చిక్కు, భూమి అడ్డొచ్చినప్పుడు పేలితే ఆస్ట్రోశాట్‌కు తెలియనే తెలియదు.

ఈ డేటా ఇస్రో వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంది. కావలి, కందుకూరు, ఒంగోలు డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చదివే పిల్లలు మాత్రం ఇంకా సీనియర్ల రికార్డులే దించుకుంటున్నారు. ర్యాంకులు, మార్కుల టెన్షన్‌లో పడి మనం వాళ్లకు ఈ దారే చూపించలేదని నా అభిప్రాయం. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఓ మాదిరి కంప్యూటర్, ఓపికున్న లెక్చరర్ చాలు.

మొదలుపెట్టడానికి 4యూ 1728-34 అనే న్యూట్రాన్ తార మంచిది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ఆధ్వర్యంలో తయారైన ఆస్ట్రోశాట్ ఎక్స్-రే పరికరం లాక్స్‌పీసీ, ఎక్స్-రేలు తాకిన వేళను 10 మైక్రోసెకన్ల దాకా నమోదు చేస్తుంది. అందుకే ఆ తార పేలుడులో సెకనుకు 363 సార్లు వచ్చే మిణుకు కూడా అందులో దొరికింది. పిల్లల లెక్కలోనూ ఆ 363 వస్తే పద్ధతి సరైనదన్నమాట. ఆ తర్వాత ఇంకో తార ఫైలు తెరవచ్చు.