లక్ష పెట్టేవాళ్ళు సౌండ్‌బార్ కొనకండి

ఈ మధ్య నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఎవరి గృహప్రవేశానికి వెళ్ళినా హాలు ఒకేలా కనపడతా ఉంది. అరవై అయిదు అంగుళాల టీవీ, దాని కింద పొడుగాటి సౌండ్‌బార్, మూలన సబ్‌వూఫర్. ఎంతయిందని అడిగితే అరవై వేలంటారు, ఎనభై అంటారు, లక్ష దాటినవాళ్ళూ ఉన్నారు. అంత డబ్బు పెట్టగలిగిన మనిషికి రిసీవర్ (టీవీ శబ్దాన్ని తీసుకుని స్పీకర్లకి పంపే ఆంప్లిఫయర్ పెట్టె), విడి స్పీకర్లు అనే దారి ఇంకొకటి ఉందని షాపులో ఎవరూ చెప్పరు. మనమే అడిగినా, "అదంతా పాత పద్ధతి సార్, వైర్ల గోల, ఇప్పుడెవరూ పెట్టుకోవట్లేదు" అని మాట మార్చేస్తారు. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో కాస్త ఓపిగ్గా చెప్తాను, చదవండి.

అసలు సౌండ్‌బారే వద్దని నేననడం లేదు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటా, ఎప్పుడు ఇల్లు మారాలో తెలియనివాళ్ళకి అదే మేలు. ఇంట్లో అమ్మానాన్నలకి వార్తల్లో, సీరియల్లో మాట సరిగ్గా వినపడట్లేదా, పదిహేను ఇరవై వేలల్లో మంచి 3.1 బార్ తెచ్చిపెట్టండి. టీవీలు పల్చబడ్డాక స్పీకర్లను కిందికో వెనక్కో తిప్పి పెడుతున్నారు. శబ్దం గోడకో బల్లకో తగిలి మన దగ్గరికొస్తోంది. మాట మసకగా వినపడేది అందుకే. 3.1 అంటే మధ్యలో మాటల కోసమని ప్రత్యేకంగా ఒక స్పీకర్ ఉంటుంది. 2.1లో ఉండదు, డబ్బా మీద చూసి తీసుకోండి. ఆ ధరలో, ఆ అవసరానికి సౌండ్‌బార్‌ని మించింది లేదు.

నా గొడవంతా యాభై వేలు దాటినవాటితోనే.

ఆ ధరకి వచ్చేసరికి డబ్బా మీద 5.1 అని, 7.1.4 అని, డాల్బీ అట్మాస్ అని పెద్ద అక్షరాలు కనపడతాయి. 5.1 అంటే మన ముందు ఎడమ, మధ్య, కుడి మూడు స్పీకర్లు, మన పక్కల కాస్త వెనగ్గా రెండు, లోతైన శబ్దానికి ఒక సబ్‌వూఫర్. 1992లో డాల్బీ డిజిటల్, ఆ మరుసటేడు డీటీఎస్ అనే సౌండ్ పద్ధతులు థియేటర్లకి వచ్చిన కాలం నుంచి లెక్క ఇదే. ఆ వెనక రెండూ మనం తెరను చూసే దిక్కుకి సుమారు 110 డిగ్రీల్లో, అంటే చెవి దాటాక కొంచెం వెనగ్గా ఉండాలని కొలత. సినిమాలో మన వెనక తలుపు చప్పుడైతే తల అటు తిరగాలి. టీవీ కింద ఉన్న మూడడుగుల బార్ ఆ పని చేయాలంటే శబ్దాన్ని పక్క గోడలకేసి కొట్టి, అది తిరిగి మన చెవికి తగిలేలా చూడాలి. పక్కన గోడ ఉండాలి కదా మరి! మన ఇళ్ళల్లో హాలుకి ఒక పక్క గోడ ఉంటే రెండో పక్క డైనింగ్‌లోకి తెరిచి ఉంటుంది, లేకపోతే మెట్లుంటాయి. అటు పోయిన శబ్దం వంటింట్లోకి పోతుందే గానీ మన దగ్గరికి తిరిగి రాదు. కుడి చెవికి సినిమా వినపడి ఎడమ చెవికి బోసిగా ఉంటుంది.

అట్మాస్ సంగతీ అంతే. అట్మాస్ అంటే నెత్తి మీద నుంచి కూడా శబ్దం వచ్చే పద్ధతి, 7.1.4లో చివరి 4 ఆ పై స్పీకర్ల లెక్కే. పైన స్పీకర్లు లేకుండా పై నుంచి శబ్దం రావాలంటే బార్ తన శబ్దాన్ని సీలింగ్‌కి కొట్టాలి. దానికి సీలింగ్ చదునుగా, గట్టిగా, మరీ ఎత్తు లేకుండా ఉండాలి. మన వాళ్ళు హాలుకి పీఓపీతో మెట్లు మెట్లుగా, మధ్యలో గుండ్రంగా, అంచుల్లో లైట్ల గాడితో ఫాల్స్ సీలింగ్ చేయిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఆ వంపులకి తగిలిన శబ్దం నాలుగు దిక్కులకీ చెదిరిపోతుంది.

సూళ్లూరుపేట దగ్గర వి ఎపిక్ థియేటర్లో సినిమా చూసొచ్చిన ఊపులోనే చాలామంది ఈ కొనుగోలుకి దిగుతున్నారు. 2019లో ఆ థియేటర్ మొదలైనప్పుడు సూళ్లూరుపేట మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాకి పోయింది. వంద అడుగులు దాటిన ఆ తెర ముందు కూర్చున్నాక ఎవరికైనా ఇంట్లో అలాంటిది కావాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. అయితే థియేటర్ అట్మాస్‌లో శబ్దాన్ని 64 దాకా వేరువేరు స్పీకర్ దారులకి పంపొచ్చు. అక్కడ మన వెనక నిజంగానే స్పీకర్ ఉంది, నెత్తి మీద నిజంగానే స్పీకర్ ఉంది. ఆ కోరికతో వచ్చిన మనిషికి ఒక్క బార్ అంటగట్టి "అచ్చం అట్టానే ఉంటది సార్" అనడం న్యాయం కాదు.

ఇక గది. ఇది షాపువాళ్ళూ చెప్పరు, యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్ళూ మన ఇళ్ళకి తగ్గట్టు చెప్పరు. మన దగ్గర చీమకుర్తి ఉంది, బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ప్రపంచానికంతా అక్కడి నుంచే పోతుంది. కాబట్టి కిందంతా గ్రానైట్, లేదా అద్దంలా మెరిసే టైల్స్. గోడలకి నున్నటి పుట్టీ. టీవీ పక్కన అద్దాల షోకేస్. సామాను రాకముందు అలాంటి హాల్లో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పట్ల వెనకాలే టంగుమని ఒక తోక వినపడుతుంది. గ్రానైట్ తన మీద పడ్డ శబ్దంలో నూటికి ఒకటి రెండు పాళ్ళే పీల్చుకుంటుంది, మిగతాదంతా వెనక్కి కొడుతుంది. మందపాటి పరదా అయితే మాటల్లో పదునుగా ఉండే శబ్దాల్లో సగానికి పైగా పీల్చుకుంటుంది. మాట అర్థం కావట్లేదని వాల్యూమ్ పెంచేకొద్దీ ఆ తోక కూడా పెరుగుతుంది. అందుకే మీరు ఏది కొన్నా సరే, ముందు సోఫా ముందు ఒక దళసరి జంపఖానా పరవండి, కిటికీలకి బరువైన కర్టెన్లు వేయండి. లక్ష రూపాయల సిస్టమ్ బోడి హాల్లో కన్నా, నలభై వేల సిస్టమ్ ఇట్టా సర్దిన హాల్లో బాగా పలుకుతుంది. దీని మీద నాతో ఎవరు వాదించినా వాళ్ళ హాల్లోనే చేసి చూపిస్తాను.

వాట్ల గురించి కూడా ఒక మాట. "ఇది 600 వాట్లు, అది 300 వాట్లే" అని బేరం పెడతారు. పవర్ రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతలుగా వినపడాలంటే పది రెట్ల పవర్ కావాలి. కాబట్టి ఆ తేడా చూసి పదివేలు ఎక్కువ పెట్టకండి.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది రిపేరు సంగతి. కందుకూరులో మా బావ మంచి ధర పెట్టి పేరున్న కంపెనీ బార్ కొన్నాడు. వారంటీ అయిపోయాక ఒక వానాకాలం సాయంత్రం ఉరుములకి కరెంటు పోయి వచ్చింది, బార్ పలకలేదు. ఎర్ర లైటు వెలిగి ఆరిపోతా ఉంది, అంతే. సర్వీసు వాళ్ళొచ్చి విప్పి చూసి, "బోర్డు పోయింది సార్, ఈ మోడల్‌కి బోర్డు ఇప్పుడు రావట్లేదు" అన్నారు. లోపల స్పీకర్లు శుభ్రంగా ఉన్నాయి, సబ్‌వూఫర్ శుభ్రంగా ఉంది. కానీ ఆ బోర్డు లేనిదే అవి వేరే దేనికీ తగలవు. "ఏంది బామ్మర్దీ, ఇంత పెట్టి కొంటే మొత్తం మూలన పడేయాల్సిందేనా?" అని మా బావ అడిగితే నా దగ్గర జవాబు లేదు. మా నాయన నేను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు కొన్న స్టీరియో ఆంప్లిఫయర్ ఇప్పటికీ పలుకుతుంది. ఒకసారి ట్రాన్సిస్టర్లు పోతే ట్రంకు రోడ్డు దగ్గర మెకానిక్ వేరేవి వేసి, సోల్డరింగ్ చేసి ఇచ్చాడు. ట్రాక్టర్ టైరు పోతే టైరు మారుస్తాం గానీ ట్రాక్టర్ పారెయ్యం కదా! విడి సిస్టమ్‌లో రిసీవర్ పోతే రిసీవర్ ఒక్కటే మారుతుంది, స్పీకర్లు మనవి మనకే ఉంటాయి. మంచి స్పీకర్ జత ఇరవై ఏళ్ళు దాటి కూడా పనిచేస్తుంది. రేపు కొత్త రకం సౌండ్ ఫార్మాట్ వచ్చినా పెట్టె మారుస్తాం, స్పీకర్లు అవే.

"అంత డబ్బు ఒక్కసారి ఎక్కడ తెచ్చేది" అంటారు. ఒక్కసారి అక్కర్లేదు, విడి సిస్టమ్‌లో ఉన్న గొప్ప సుఖమే అది. ముందు డెనాన్‌దో యమహాదో 5.1 రిసీవర్ ఒకటి, మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే బల్ల మీద పట్టే చిన్నవి, ఒక జత. ఈ రెండూ కలిపి యాభై వేల చుట్టుపక్కల వస్తాయి. ఆ రెండు స్పీకర్లతోనే బాలు గారి పాట పెట్టి వినండి. పాత పాటలు కొన్ని మోనో, అంటే ఒకే స్పీకర్ కోసం చేసినవి, మిగతావి రెండు స్పీకర్ల కోసం మిక్స్ చేసినవి. ఈ రెండో రకం పాటల్లో స్పీకర్లు ఎడంగా ఉంటే గొంతు సరిగ్గా నడిమధ్య నిలబడుతుంది, వయొలిన్లు ఒక పక్క, తబలా ఒక పక్క విడివిడిగా తెలుస్తాయి. మూడడుగుల బార్‌లో అవన్నీ ఒకచోట కుక్కినట్టు వినపడతాయి. నెల్లూరులో పుట్టి పెరిగి ఆయన పాట సరిగ్గా పలకని పెట్టె ఇంట్లో పెట్టుకోవడం నాకు ఒప్పదు.

ఆ తర్వాత పండక్కి సెంటర్ స్పీకర్, ఇంకో పంట డబ్బులొచ్చాక సబ్‌వూఫర్, చివరికి వెనక జత. ఎప్పుడు కలిపినా రిసీవర్‌తో వచ్చే చిన్న మైకుని మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో పెట్టి సెట్టింగ్ చేసుకోవాలి. అది ఒక్కో స్పీకర్ నుంచి టిక్కుమనే శబ్దాలో, సర్రుమనే శబ్దాలో పంపించి ఏది ఎంత దూరంలో ఉందో కొలుచుకుంటుంది. శబ్దానికి అడుగు దూరం దాటడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది, దగ్గరున్న స్పీకర్‌ని ఆ మేరకు ఆపి అన్నీ ఒకేసారి చెవికి చేరేలా చేస్తుంది. సబ్‌వూఫర్‌కి మాత్రం చోటు మీరే వెతకాలి. మీరు కూర్చునే చోట దాన్ని పెట్టి ఒక బేస్ పాట మోగించి, గోడల వెంబడి వంగి నడుస్తా వినండి. ఎక్కడ బేస్ గుంయ్యిమని మోత పెట్టకుండా నిండుగా ఉందో అదే దాని చోటు. మూలన గ్రానైట్ మీద పెడితే షోకేసులో స్టీలు గ్లాసులు కూడా మోగుతాయి.

వైర్ల గోల అనే మాటకి వద్దాం. వైర్‌లెస్ రియర్ స్పీకర్లు (వెనక పెట్టేవి) అని అమ్మేవాటిల్లో కూడా చాలావాటికి కరెంటు ప్లగ్గు కావాలి. సోఫా వెనక గోడకి ప్లగ్గు ఎవరింట్లో ఉంది? ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి నేల మీద లాగుతారు. ఇక అందులో వైర్‌లెస్ ఏముంది. ఇల్లు కట్టేటప్పుడే చూసుకుంటే ఈ సమస్యే లేదు. మన దగ్గర వాస్తు ప్రకారం తలుపులు, కిటికీలు తేలగానే టీవీ ఏ గోడకో ముందే తెలిసిపోతుంది. గోడలకి ప్లాస్టరింగ్ కాకముందే టీవీ వెనక నుంచి సోఫా వెనక రెండు మూలలకీ ఇంచీ పైపులు వేయించండి, లోపల లాగుడు తీగ వదలండి. టీవీ నుంచి కింద యూనిట్‌కి రెండంగుళాల పైపు, హెచ్‌డీఎంఐ కేబుల్ తల పట్టేంత. సబ్‌వూఫర్ రావచ్చని అనుకున్న రెండు మూలల్లో ప్లగ్గులు. స్లాబ్ వేసేముందు చెప్పగలిగితే, రేపు అట్మాస్ రిసీవర్‌కి మారితే పనికొచ్చేలా నెత్తి మీద రెండు స్పీకర్లకి కూడా పైపులు. ఇంటి ఖర్చులో ఇది ఏ మూలకీ రాదు. స్పీకర్ వైరు 16 గేజ్‌ది, మొత్తం రాగిది తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసింది కూడా అదే రంగులో ఉంటుంది. కత్తిరించిన చోట తెల్లగా కనపడితే వద్దనండి.

టీవీ నుంచి రిసీవర్‌కి ఇఆర్క్ (eARC) అని రాసి ఉన్న, టీవీ శబ్దాన్ని వెనక్కి పంపే హెచ్‌డీఎంఐలోనే కలపండి. ఆప్టికల్ వైర్‌లో మామూలు 5.1 దాకే వస్తుంది, అట్మాస్ రాదు. చాలా ఇళ్ళలో బిగించడానికొచ్చిన కుర్రాళ్ళు చేతికి దొరికిన ఆప్టికల్ వైర్ తగిలించి పోతున్నారు.

షాపుకి పోయినప్పుడు వాళ్ళు పెట్టే డెమో వీడియో వినకండి. వాన, హెలికాప్టర్, గాజు పగలడం, ఫుల్ వాల్యూమ్. ఏ పెట్టె అయినా అందులో బాగానే ఉంటుంది. మీ ఫోన్‌లో మీకు బాగా తెలిసిన సినిమాలో ఇద్దరు నిదానంగా మాట్లాడుకునే సీను పెట్టమనండి, రాత్రి ఇంట్లో పిల్లలు పడుకున్నాక మీరు పెట్టుకునేంత చిన్న వాల్యూమ్‌లో. తర్వాత మీకిష్టమైన పాత పాట ఒకటి. పక్కనే అదే ధరలో రిసీవర్, రెండు స్పీకర్లు పెట్టి అవే రెండూ మళ్ళీ వినిపించమనండి. వినిపించడానికి సెట్టు లేదన్న షాపులో లక్ష రూపాయలు పెట్టకండి. కావలి, గూడూరు, ఒంగోలు వైపు ఇల్లు కడతా ఉన్నవాళ్ళు హాలు ప్లాన్ ఫోటో కింద కామెంట్లో పెట్టండి, పైపులు ఎక్కడెక్కడ రావాలో గీసి పంపుతాను. ప్లాస్టరింగ్ మొదలయ్యేలోపే పెట్టండి.