పిల్లాడు ఎదుగుతాడుగా, పెద్ద బండే కొనమంటున్నారు

ఆరేడేళ్ళ పిల్లలకి మొదటి ఏటీవీ (గతుకుల నేల మీద నడిపే నాలుగు చక్రాల మోటారు బండి) కొనేవాళ్ళ కోసం ఒక సలహా తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "చిన్న బండి ఏడాదిలో మూలన పడుతుంది, 110 సీసీదో 125 సీసీదో తీసుకోండి, స్పీడ్ స్క్రూ బిగిస్తే చాలు, నాలుగు చక్రాలు కాబట్టి బోల్తా పడదు, భయమైతే మీరే వెనక కూర్చోండి, హెల్మెట్ పెడితే ఇంకేం టెన్షన్ లేదు." చివరి మాటలో సగం నిజం ఉంది. మిగతావి నిలబడవు.

ముందు ఆ "ఎదుగుతాడుగా" సంగతి. చొక్కా వదులుగా కొంటే చేతులు మడిచి తొడగొచ్చు, బండిని ఎలా మడుస్తారు? ఏటీవీని హ్యాండిల్ ఒక్కదానితో తిప్పరు, ఒంటితో తిప్పుతారు. చాలా పిల్లల బళ్ళకి వెనక యాక్సిల్ (ఇరుసు) ఒకటే కడ్డీ, రెండు చక్రాల్నీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి మలుపులో లోపలి చక్రం కాస్త జారితే గానీ బండి మాట వినదు, బండి తిరగబడకుండా నడిపేవాళ్ళు మలుపు లోపలివైపుకి వాలాలి, ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకి జరగాలి, దిగేటప్పుడు వెనక్కి. ఆరేళ్ళ పిల్లాడి బరువు ఇరవై కిలోలు. పేరున్న కంపెనీల 50, 70 సీసీ బళ్ళే దాదాపు వంద కిలోలుంటాయి. అంటే చిన్నదే వాడికి అయిదింతలు, ఇక పెద్దదాన్ని వాడు ఒళ్ళు వాల్చి లొంగదీసుకోవడం కలలో మాట.

స్క్రూ గురించి. అది థ్రాటిల్ (వేగం పెంచే మీట) మరీ దూరం కదలకుండా ఆపుతుంది, అంతే, బండి బరువులో ఒక్క గ్రాము కూడా తగ్గించదు. అమెరికా ప్రమాణాల్లో పిల్లల ఏటీవీలకి సీసీని బట్టి కాదు, వేగాన్ని బట్టి వయసు నిర్ణయిస్తారు: ఆరేళ్ళు దాటినవాళ్ళ బండి స్క్రూ బిగిస్తే గంటకి 16 కిలోమీటర్లు, వదిలితే 24 మించకూడదు. పదేళ్ళు దాటినవాళ్ళ దానికి ఆ అంకెలు 24, 48. ఇప్పుడు లెక్క మీరే చూడండి, పదేళ్ళవాళ్ళ పెద్ద బండికి స్క్రూ బిగించినా అది చిన్న బండి ఫుల్ స్పీడ్ దాకా పోగలదు. అసలు ఆరేళ్ళ లోపు పిల్లలకి ఆ ప్రమాణాల్లో ఏ వర్గమూ లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే పదహారేళ్ళ లోపు ఎవరినీ ఏటీవీ ఎక్కించొద్దంటుంది. కొనాలని నిర్ణయించుకున్నవాళ్ళకి ఈ మాట రుచించదు, తెలుసు, అయినా దాచిపెట్టలేను.

"నాలుగు చక్రాలు బోల్తా పడవు" అన్న నమ్మకం మూడు చక్రాల ఏటీవీల కాలం నుంచి వచ్చిందని నా అనుమానం. అవి మరీ తేలిగ్గా తిరగబడేవి, 1988లో అమెరికాలో అమ్మకం ఆపేశారు. దానితో పోలిస్తే నాలుగు చక్రాలది మేలే, కానీ బండి సన్నం, కూర్చునేది ఎత్తులో, నేల ఎగుడుదిగుడు. పైగా కారులా పైకప్పు లేదు, తిరగబడితే వంద కిలోలూ పిల్లాడి ఛాతీ మీదే, ఊపిరాడదు. అక్కడ హెల్మెట్ ఏం చేస్తుంది? హెల్మెట్ తప్పకుండా ఉండాలి, అదీ సైకిల్‌ది కాదు, తలకి సరిపడే మోటార్‌సైకిల్‌ది, గాగుల్స్, గ్లవ్స్, చీలమండ దాటే బూట్లతో సహా.

వెనక మీరు కూర్చోవడం మాత్రం దయచేసి వద్దు. సీటు పొడుగ్గా ఉన్నది ఇద్దరి కోసం కాదు, ఒక్కరు ముందుకీ వెనక్కీ జరగడానికి. పెద్దవాళ్ళ బరువు వెనక పడితే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి, బండితో పాటు మీరూ వాడి మీదే పడతారు.

సీసీ అడగడం మానేసి పిల్లాడిని తీసుకెళ్ళి బండి మీద నిలబెట్టండి. పాదాలు ఫుట్‌రెస్ట్ మీద ఆని నిలబడితే సీటుకీ ఒంటికీ మధ్య కనీసం ఏడెనిమిది సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. కూర్చున్నప్పుడు మోచేతులు కాస్త వంగి ఉండాలి, హ్యాండిల్ పూర్తిగా తిప్పినా ముందుకి సాగకుండా చేతులు అందాలి, వేళ్ళు బ్రేక్ లివర్‌ని చుట్టుకోవాలి. వెనక నుంచి మీరు లాగితే ఇంజన్ ఆగిపోయే తాడు ఉందో లేదో కూడా చూడండి. వీటిలో ఏది కుదరకపోయినా ఈ ఏడాది కొనకండి, వచ్చే ఏడాది మళ్ళీ తీసుకెళ్ళి నిలబెట్టండి.